బందరు తీరమున కతోలిక విచారణ

ఒక గురువు సంరక్షణకు అప్పగింపబడిన ప్రాంతమును తెలుగు కతోలిక క్రైస్తవులు 'విచారణ' అందురు. పలు విచారణలు చేరి ఒక మేత్రాసనమగును. దానిని పాలించువాడు పీఠాధిపతి. విచారించుట యనగా మన భాషలో బాగోగులు కనుగొనుట. కావున ఒక ఊర దేవాలయమున్నంత మాత్రమున అచ్చట విచారణ కలదని చెప్పజాలము. దేవాలయము ఇటుకతోను సున్నముతోను లేచును. విచారణ నిలుచుటకు ఇంటింటి పేరెరిగిన మనుష్యుడు కావలెను. మచిలీపట్టణ తీరమున అట్టి విచారణ ఎట్లు పాదుకొన్నదో తెలిసికొందము.

గోల్కొండ సుల్తానుల కాలమున బందరు పేరుమోసిన రేవు. పోర్చుగీసు వర్తకుల తరువాత, ఇచ్చటి అద్దకపు బట్టలను ఆశించి డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను వచ్చి దిగిరి. వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట అను పేర్లు నేటికిని వారి రాకను చెప్పుచున్నవి. వలందులనగా డచ్చివారు, పరాసులనగా ఫ్రెంచివారు. డచ్చివారును ఆంగ్లేయులును ప్రొటెస్టెంటులు కాగా, పోర్చుగీసులును ఫ్రెంచివారును కతోలికులు.

1606లో మైలాపూరు శాంతోము కేంద్రముగా ఒక మేత్రాసనము ఏర్పడెను. దాని ఎల్లలు తూర్పు తీరము వెంబడి బెంగాలు వరకును, ఆపైన పెగూ వరకును వ్యాపించెను. దానికి పీఠాధిపతిని ఎన్నుకొను హక్కు పోర్చుగల్లు రాజుది. గురువుల పోషణభారము కూడ ఆయనదే. అనగా బందరు కతోలికుల బాగోగులు లిస్బను నగరపు బొక్కసముపై ఆధారపడియుండెను. పోర్చుగీసుల బలము సన్నగిల్లిన పిదప ఆ భారము మోయువారు కరవైరి. 1622లో రోము నగరమున మతవ్యాప్తికై ప్రత్యేక సభ ఒకటి నెలకొనగా, అధికారము రాజుదా, రోమునదా అను వివాదము రెండు శతాబ్దములకు పైగా సాగెను. ఆ కాలమందలి మతసేవ ముఖ్యముగా రేవును, రేవునంటిన వర్తకులను, నావికులను, సైనికులను ఆశ్రయించినది. రేవు వెనుకనున్న తెలుగు పల్లె ఇంకను దూరముననే యుండెను.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ చూపు మరలెను. 1851లో హైదరాబాదు ప్రత్యేక మతపరిపాలనా ప్రాంతమైనది. 1855 నుండి ఇటలీలోని మిలాను నగరపు గురువులు అచ్చటికి రాసాగిరి. కృష్ణా జిల్లాయును వారి పరిధిలో చేరెను. అంతవరకు సముద్రమువైపు చూచిన తీరము, నాటినుండి మెట్టవైపు చూడవలసి వచ్చెను. ఆ 1855లోనే బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తి కాగా, కాలువలు గుడివాడ పొలములకు నీరు పారించెను. పడవలకు దారియు నిచ్చెను. బందరు రేవు క్షీణించుచుండగా డెల్టా పల్లెలు పెరిగినవి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. ఆ దెబ్బనుండి రేవు మరల పూర్వవైభవమునకు రాలేదు.

పల్లెలో విచారణకు కాలు మోపినవాడు విదేశీ గురువుకంటె ముందుగా ఉపదేశి. ప్రార్థన నేర్పువాడును, రోగి వార్త గురువునకు చేర్చువాడును అతడే. 1933లో బెజవాడ ప్రత్యేక మిషనై, 1937లో మేత్రాసనమైనది. ఇటలీ దేశీయుడైన గ్రాస్సి దాని తొలి పీఠాధిపతి. 1971లో తుమ్మా జోసఫ్ ఆ పీఠమెక్కుటతో తెలుగువాడు తెలుగువారి బాగోగులు విచారించు కాలము వచ్చెను. అంతకు కొలది సంవత్సరములకు ముందు, 1963 నాటి వాటికను మహాసభ తీర్మానము ననుసరించి, లాటినులో జరుగుచుండిన దివ్యబలిపూజ దేశభాషలకు దారి యిచ్చెను. పొలముపని చేయు తల్లికి పూజలోని ప్రతి మాటయు అర్థమైనది అప్పుడే.

విచారణకు ప్రాణము దాని రిజిస్టరు. జ్ఞానస్నానములను, వివాహములను వ్రాసియుంచవలెనని 1563లో త్రెంతు మహాసభ శాసించెను; 1614 నాటి రోమను కర్మవిధి గ్రంథము మరణములను కూడ చేర్చెను. నాగాయలంకలో జ్ఞానస్నానము పొందిన పిల్ల గుడివాడలో పెండ్లాడినచో, ఆ వార్త నాగాయలంకకు తిరిగి పోయి ఆమె పేరు ప్రక్కన ఎక్కవలెను. బందరుకోట డచ్చి సమాధులపై వర్తకులకు చెక్కిన రాళ్లు కలవు; కూలివాని కట్టి రాయి యెవ్వరును చెక్కలేదు. అతని పేరు నిలుచుటకు ఈ కాగితమే ఆధారము.

అయితే ఆ కాగితమున పేరెక్కుటకు వెల యొకటి కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులును, 1990లో బౌద్ధులును చేర్చబడిరి గాని క్రైస్తవులు చేరలేదు. ఆంధ్రప్రదేశమున మతము మారిన దళితులు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా 1 శాతము రిజర్వేషనుకు మాత్రమే అర్హులు. ఇక సంఘములోపల కులము అంతరించినదా యనిన, అదియు లేదు. కులభేదమునకు క్రైస్తవమున తావు లేదని భారత కతోలిక పీఠాధిపతుల సభ 1982లో ప్రకటింపవలసి వచ్చుటయే అందుకు సాక్ష్యము. గుడిలోపలను వెలుపలను ఈ ప్రశ్నకు సమాధానము దొరకనిదే విచారణ యను మాటకు నిండు అర్థము సిద్ధింపదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు మరణించినవారు ప్రభుత్వపు లెక్కనే సుమారు 10,000. కొన్ని కుటుంబములలో పేరు చెప్పుటకు మనిషి మిగులలేదు. అట్టి చోట ఒక రిజిస్టరు దక్కినను, ఒక కుటుంబము ఉండినదని సాక్ష్యము దక్కినట్లే. కాగితము నీటికి నిలువదు గనుక ప్రతి యొకటి మెరకనున్న వేరొక ఊర నుంచుట మేలు. ఏ మతస్థులైనను, ఇంటి పెద్దలు తమ తాతముత్తాతల పేర్లను, ఊళ్లను పిల్లలచేత నేడే వ్రాయింతురు గాక. తీరవాసులకు రేపటివరకు ఆగుట క్షేమము కాదని ఈ సముద్రము రెండుమార్లు చెప్పియున్నది.