గట్టి నేలకు ఒంటి పన్ను

చిన్న ట్రాక్టరుకు బ్యాక్‌హో బిగించుకునే వాళ్లలో చాలామంది బకెట్ దగ్గర ఒకటే లెక్క వేస్తారు: ఎంత వెడల్పుంటే పని అంత త్వరగా తెములుతుందని. ఇసుకలో, చెరువు పూడిక మట్టిలో ఆ లెక్క సరిపోతుంది. అడుగు లోతునే మొరం తగిలే చెలకలో మాత్రం తారుమారవుతుంది. బకెట్ పైపైన గీరుకుంటూ వస్తుంది తప్ప లోపలికి దిగదు. ఇంజను మూలుగుతుంది, హైడ్రాలిక్ ఆయిలు వేడెక్కుతుంది. చివరికి మట్టి ట్రాక్టరు వైపు రావాల్సింది పోయి, ట్రాక్టరే గుంత వైపు జరుగుతుంది. పంపు పాడైందేమోనని మెకానిక్‌ను పిలుస్తారు. చాలాసార్లు పంపు బాగానే ఉంటుంది. ఆ నేలకు ఆ బకెట్ నప్పలేదు, అంతే.

బలం ఎలా పంచుకుంటుంది

బకెట్‌ను ముడిచే సిలిండర్ బలానికి ఒక హద్దు ఉంది. ఆయిలు ఒత్తిడి ఎంత, సిలిండర్ లావెంత, పిన్ను నుంచి పంటి కొస ఎంత దూరం అన్నవి ముఖ్యంగా ఆ హద్దును నిర్ణయిస్తాయి. పళ్ల కొసల దగ్గర మొత్తం 1,500 కిలోల లాగుడు ఉందనుకుందాం. రెండడుగుల బకెట్‌కు ఐదు పళ్లుంటే ఒక్కో పంటికి సుమారు 300 కిలోలు దక్కుతాయి. అడుగు బకెట్‌కు మూడు పళ్లుంటే 500. ఒంటి పన్ను రిప్పర్ అయితే 1,500 కిలోలూ రెండు మూడు అంగుళాల మొన మీదే పడతాయి. ట్రాక్టరు అదే, డీజిలూ అదే. బలం ఒకచోట పోగుపడటమే తేడా.

పార దిగని చోట గునపం అందుకోమని కూలీకి ఎవరూ చెప్పక్కర్లేదు. బకెట్‌కూ రిప్పర్‌కూ మధ్య పని విభజన కూడా అలాంటిదే. రిప్పర్ మట్టిని ఎత్తదు, పగలగొట్టి వదిలేస్తుంది. ఎత్తిపోసే పని తర్వాత బకెట్‌ది.

ఇది పట్టించుకోకుండా కొందరు రిలీఫ్ వాల్వ్ బిగించి ఒత్తిడి పెంచమంటారు. ఆ వాల్వ్ ఉన్నదే పైపులు పగలకుండా, బూమ్ వంగకుండా కాపాడటానికి. దాన్ని బిగిస్తే మొదట పైపులు పోతాయి, ఆ తర్వాత వెల్డింగు అతుకులు విడతాయి.

వెడల్పుకు అయ్యే ఖర్చు

డ్రిప్ మెయిన్ లైను కోసం 300 అడుగుల పొడవున, రెండడుగుల లోతున కాలువ తీయాలనుకోండి. అడుగు వెడల్పుతో తీస్తే 600 ఘనపుటడుగుల మట్టి వస్తుంది. రెండడుగుల వెడల్పుతో తీస్తే 1,200. రెండు మూడు అంగుళాల పీవీసీ పైపుకు అడుగు వెడల్పు చాలు. మిగతా 600 ఘనపుటడుగులు ఊరికే తవ్వి, ఊరికే పూడ్చినట్టే. పైగా తవ్విన మట్టి గుల్లబారి పావు వంతో, అంతకు మించో పెరుగుతుంది. పూడ్చిన కాలువ వానలకు కుంగుతుంది. కాలువ ఎంత వెడల్పైతే దిగబడే చోటు అంత ఎక్కువ.

బరువూ చూసుకోవాలి. తడి నల్లమట్టి ఘనపుటడుగుకు సుమారు 50 కిలోలు తూగుతుంది. మూడు ఘనపుటడుగులు పట్టే బకెట్ నిండితే 150 కిలోలు, బకెట్ సొంత బరువు అదనం. బ్యాక్‌హో తొండం (బూమ్) పూర్తిగా చాచి పక్కకు తిప్పినప్పుడు చిన్న ట్రాక్టరు ఒకవైపు వాలేది ఇక్కడే.

ఏ నేలకు ఏది

నల్లరేగడిలో తిప్పలు గట్టిదనంతో కన్నా జిగటతోనే ఎక్కువ. తడిసిన రేగడి బకెట్‌లో ముద్దగా అతుక్కుని, ఎంత విదిలించినా సగం లోపలే ఉండిపోతుంది. దీనికి లోతు తక్కువగా, మూలలు గుండ్రంగా, నోరు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నబడే బకెట్ కావాలి. నోటికన్నా వెనక భాగం సన్నగా ఉంటే కాలువ గోడలను రాసుకోదు కూడా.

ఎర్ర చెలకలు, మొరం నేలలకు పళ్లున్న అడుగు బకెట్ నమ్మకమైనది. పళ్లు విడిగా పిన్నుతో బిగించేవైతే అరిగినప్పుడు మార్చుకోవచ్చు. అంచుకే వెల్డింగు చేసిన పళ్లు మొద్దుబారితే బకెట్ మొత్తం షాపుకెక్కాలి.

రిప్పర్ విలువ బాగా తెలిసేది పొరలున్న రాతిలో. తాండూరు, బేతంచెర్ల ప్రాంతాల్లో నాపరాయి పలకలు పలకలుగా పేర్చినట్టుంటుంది. అక్కడి పలుచని పొరల సందులో మొన దొరికితే పలక పైకి లేస్తుంది. కుళ్లిన రాయి, గట్టిపడిన మొరం, తుమ్మ మొద్దుల వేళ్లు కూడా రిప్పర్‌కు లొంగుతాయి. పగులు లేని గ్రానైట్ పరుపు బండ మాత్రం లొంగదు. దాని మీద రిప్పర్‌తో గీకడం మొన అరగదీసుకోవడమే. అక్కడ బ్రేకర్ తెప్పించాలి, లేదా పైపు దారి మళ్లించాలి.

రిప్పర్ వాడే తీరు

మొనను దాదాపు నిటారుగా దించి, దిగాక నెమ్మదిగా ట్రాక్టరు వైపు ముడవాలి. తెరిచి ఉన్న అంచు దగ్గర మొదలుపెడితే పగిలిన రాయికి జరిగే చోటుంటుంది. నట్టనడుమ పొడిస్తే అన్ని వైపులా బిగుసుకునే ఉంటుంది. జానెడు జానెడు దూరంలో వరసగా చీల్చి, ఆ తర్వాత బకెట్ మార్చి ఎత్తాలి. బకెట్ మార్చడం బద్ధకమనిపించి ఒక్కో గంపెడు మట్టికీ తంటాలు పడేకన్నా, ఒక రోజు చీల్చుకుంటూ పోయి మర్నాడు ఎత్తుకోవడం మేలు.

రిప్పర్‌తో రాయిని పక్కకు నెట్టకూడదు. తొండాన్ని పక్కలకు తిప్పే పిన్నులు, బుష్షులు అంత దెబ్బకు తట్టుకోవు. పొడవాటి కొక్కెం చూసి మురిసిపోనూ కూడదు. పిన్ను నుంచి మొన దూరమయ్యేకొద్దీ బలం తగ్గుతుంది. మొన దూరం మీ బకెట్ పంటి దూరానికి సమానంగానో, కాస్త తక్కువగానో ఉండాలి.

కొనే ముందు

కంపెనీని బట్టి బిగింపులు మారతాయి. మూడు కొలతలు రాసుకుని వెళ్లాలి: పిన్ను లావు, రెండు చెవుల మధ్య ఖాళీ, రెండు పిన్నుల నడిమధ్యల మధ్య దూరం. ఒక్క మిల్లీమీటరు వదులున్నా బుష్షు త్వరగా అరుగుతుంది. పాత బకెట్‌ను ట్రాలీలో వేసుకుని షాపుకు తీసుకెళ్తే ఇంకా మంచిది.

బ్యాక్‌హో ట్రాక్టరు చట్రానికి సబ్‌ఫ్రేమ్‌తో బిగించిందా, వెనక మూడు లింకులకు తగిలించిందా అన్నదీ చూడాలి. ఉత్త లింకుల మీద వేలాడే బ్యాక్‌హోకు రిప్పర్ పెట్టి గట్టిగా లాగితే ఆ దెబ్బ ట్రాక్టరు వెనక హౌసింగుకు తగులుతుంది, అది పగిలే ప్రమాదముంది. మొత్తం యూనిట్ పైకి ఎగిరి నడిపేవారి మీదికి రావచ్చు కూడా. సబ్‌ఫ్రేమ్ లేకపోతే రిప్పర్ ఆలోచన మానుకోవాలి.

ఊరి దారుల పక్కన తవ్వేటప్పుడు భూమిలో కేబుళ్లు, పైపులు ఉన్నాయేమో ముందే తెలుసుకోవాలి. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ ఇందుకోసమే.

డబ్బు ఒక్కదానికే ఉంటే పళ్లున్న అడుగు బకెట్ కొనండి. రెండోదానికి ఉంటే, మీ నేలలో మొరమో నాపరాయో ఉంటే రిప్పర్ కొనండి. పళ్లు లేని వెడల్పు బకెట్‌ది మూడో స్థానం. పూడిక తీతకు, కాలువ అడుగు చదునుకు తప్ప దానితో పెద్దగా పని పడదు.