కళ్ళు మూసుకుని చూసే నాటకం

మా అమ్మకు చూపు బాగా మందగించింది. అయినా కౌకూరులోని మా యింట్లో రాత్రి టెలివిజన్ నాటకం ఆమె వదలదు, వింటుంది. యిప్పటి సీరియళ్ళతోనే చిక్కు. ఒక మాట, మూడు పిడుగుల చప్పుళ్ళు, ఆపైన వరుసగా అందరి ముఖాలూను! "ఏమైందిరా? ఎవరూ మాట్లాడరేం?" అంటుంది. ఏమీ కాలేదని చెప్పడానికి నాకే సిగ్గు.

మొన్న ఆదివారం "అమృతం" పాత భాగాలు రెండు పెట్టాను. గుణ్ణం గంగరాజుగారి రూపకల్పనలో 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చిన హాస్య నాటకమది. అమ్మ అప్పట్లో కళ్ళారా చూసిందే. అమృతరావు వేషాన్ని శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. రెండు భాగాల్లోనూ నటులు వేరు, గొంతులు వేరు. అమ్మ మాత్రం రెండుసార్లూ, "వీడు అమృతమే! మళ్ళీ ఏదో కొంప మీదికి తెస్తాడు" అని నవ్వింది.

కిటుకు అక్కడే వుంది. ఆ మనిషి ముందు కాగితం మీద పుట్టాడు. అతని కష్టాలు ఎవరో దుర్మార్గులు తెచ్చిపెట్టినవి కావు. తన ఆశ, ఆంజనేయులు ఆలోచన కలిసి కొనితెచ్చుకున్నవి. హోటలు నడుపుకునే సామాన్యుల బతుకే గనుక, మన యింటి సంగతిలాగే వుంటుంది.

నాటకం రాసేవారికి ఒక్కటే మనవి. రాసినదాన్ని ఎవరిచేతనైనా చదివించుకుని, కళ్ళు మూసుకుని వినండి. పేరు చెప్పకుండానే మనిషి పోల్చుకోగలిగితే, మా అమ్మ కూడా ఆ నాటకాన్ని చూసినట్టే.