గొడ్డలికి పిడి బిగించేదాకా



ప్రతి రమజాన్‌లోనూ మీరు అందించే జకాత్, సదఖా సొమ్ము ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగిస్తోంది. ఈ ఏడాది సాయం అందుకున్న తల్లి వచ్చే ఏడాది కూడా అదే వరుసలో నిలబడాలా, లేక తన ఇంటి నుంచే సంపాదించుకొనే స్థితికి చేరాలా అన్నది మనందరి ముందున్న ప్రశ్న. అందుకే ఇంటి దగ్గర చేసుకొనే చిన్న వ్యాపారం ఎలా నిలబడుతుందో ఇక్కడ వివరిస్తున్నాం.

అబూ దావూద్ హదీసు సంకలనంలోని ఒక ఉదంతం మీలో చాలామందికి తెలుసు. సాయం కోరి వచ్చిన ఒక అన్సారీ సహాబీని దైవప్రవక్త (స) ముందుగా అడిగింది, ఇంట్లో ఏముందని. ఒక కంబళి, నీళ్లు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నాడు. ప్రవక్త (స) వాటిని తెప్పించి వేలం వేస్తే రెండు దిర్హములు వచ్చాయి. ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండో దానితో గొడ్డలి కొనమన్నారు. గొడ్డలికి తన చేతులతోనే పిడి బిగించారు. కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా తనకు కనిపించవద్దని చెప్పి పంపారు. ఆ మనిషి పది దిర్హములు సంపాదించుకొని తిరిగి వచ్చాడు.

ఇందులో మూడు పనులున్నాయి. ఉన్నదేమిటో అడగడం, పిడి బిగించడం, గడువు పెట్టి ఫలితం చూడడం. మన దానాలు ఎక్కువగా గొడ్డలి కొనడం దగ్గర ఆగుతాయి. ఇచ్చిన కుట్టుమిషన్ కొన్నాళ్లకు మూలన పడటం ఎన్నో ఊళ్లలో చూసేదే. మిషన్ దొరికినా, బేరం తెచ్చేవారు, లెక్క నేర్పేవారు దొరకకపోవడమే దానికి కారణం.

ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచుదాకా ఉన్న మన పేద కుటుంబాలకు ఈ మాట మరీ ముఖ్యం. ఆదివాసుల భూమికి రక్షణగా 1/70 చట్టం ఉన్న ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి కొని సాగుచేసే దారి లేదు. చేతిపనే వారి ఆస్తి. ఆ ఆస్తి తక్కువేమీ కాదు. ఒక ఇంట్లో బురఖా కుట్టు, మరో ఇంట్లో మగ్గం పని, ఇంకో ఇంట్లో ఊరంతా మెచ్చే పచ్చళ్లు. దూదేకుల కుటుంబాలకు పరుపులు, దిండ్ల పని తరాలుగా తెలుసు. తేజా మిర్చికి పేరుపడ్డ ఖమ్మం మార్కెట్ ఒకవైపు, చింతపండు, తేనె దొరికే అడవి సంతలు మరోవైపు ఉన్నాయి. ఆదివాసీ సోదరులకు న్యాయమైన ధర చెల్లించి సరుకు కొంటే ఇరుపక్షాలకూ మేలు.

తెలిసిన పనికి మార్గదర్శనం తోడైతే ఏమవుతుందో భద్రాచలంలోనే చూడవచ్చు. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లిన అక్కడి మహిళలు స్వయం సహాయక సంఘంగా కూడి, శిక్షణ పొంది, చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్నారు. 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్‌లో ప్రధాని తన రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. జొన్న, కొర్ర ఈ ప్రాంతపు వంటిళ్లకు కొత్తవి కావు. వాటిని బయటి ఊళ్లలో అమ్ముడుపోయే సరుకుగా మార్చడానికే శిక్షణ కావలసి వచ్చింది.

లిజ్జత్ అప్పడాల కథా అంతే. 1959లో ముంబయిలో ఏడుగురు గృహిణులు 80 రూపాయల అప్పుతో మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అప్పు ఇచ్చిన ఛగన్‌లాల్ పారేఖ్ అంతటితో ఆగలేదు. నాణ్యత తగ్గించవద్దని, లెక్కలు సరిగా రాయమని దగ్గరుండి చెప్పారు. అప్పడం ఒత్తడం వారికి ముందే తెలుసు. ఆయన నేర్పింది వ్యాపారం.

ఇప్పుడు పిడి బిగించడమంటే ఏమిటో చూద్దాం.

మొదటిది, సరైన ప్రశ్న. "ఖాలా, మీకేం కావాలి?" అని కాక, "ఇరుగుపొరుగు మీ దగ్గరికి ఏ పని కోసం వస్తారు?" అని అడగాలి. జనం అడిగి మరీ చేయించుకొనే పనికే గిరాకీ ఉంటుంది.

రెండోది, లెక్క. కిలో పచ్చడికి సరుకులు 170 రూపాయలు, సీసా, లేబుల్ 25, గ్యాస్, ఆటో 20 అయ్యాయనుకుందాం. మొత్తం 215. దాన్ని 220కి అమ్మితే మిగిలేది 5 రూపాయలే. ఆమె కష్టానికి కూలి అందులో లేదు. తన కూలిని కూడా ఖర్చులో రాసుకొని ధర కట్టడం నేర్పాలి. ఇంటి ఖర్చుల డబ్బు, వ్యాపారం డబ్బు వేరువేరు డబ్బాల్లో ఉంచడమూ నేర్పాలి.

మూడోది, కాగితాలు. తినే వస్తువు అమ్మాలంటే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు ఉండాలి, ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి. చిన్న వ్యాపారానికి ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం, దళారికి ఇవ్వాల్సింది ఏమీ లేదు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ రోజుల్లో 500 రూపాయల భృతి, పనిముట్లకు 15 వేల దాకా సాయం అందులో ఉన్నాయి.

నాలుగోది, పెట్టుబడి. వారంవారం కిస్తీ కట్టే వడ్డీ అప్పు లాభం కళ్లచూడకముందే ఇంటిని నలుపుతుంది. ఖర్జె హసనాగా కొద్ది మొత్తం ఇచ్చి, సరుకు అమ్ముడయ్యాక తిరిగి తీసుకొంటే అదే డబ్బు మరో ఇంటికి చేరుతుంది.

ఐదోది, ఆ పదిహేను రోజులు. గడువు పెట్టి వెళ్లి చూడాలి. ఏది అమ్ముడైంది, ఏది మిగిలింది, అరువు ఎంత పేరుకుంది? పెళ్లిళ్ల కాలానికి, రమజాన్‌కు ముందే సరుకు సిద్ధం చేయించాలి.

దాతలు తెలుసుకోవలసిన విషయం ఇంకొకటుంది. జకాత్ సొమ్ము హక్కుదారుకు సొంతం కావాలని హనఫీ ఉలమాలు చెబుతారు. కాబట్టి మిషన్, సరుకులు జకాత్ నుంచి కొని వారి చేతికి ఇవ్వవచ్చు. శిక్షణ, లేబుళ్లు, రాకపోకల ఖర్చుకు మాత్రం సదఖా కావాలి. మిషన్ పక్కన ఫోటో తీయవచ్చు. లెక్క నేర్పిన ఆరు నెలలకు ఫోటో ఉండదు. ఆ ఆరు నెలల ఖర్చు భరించే దాతలే ఇప్పుడు ఎక్కువ అవసరం.

డబ్బే కానవసరం లేదు. మీలో దుకాణదారులుంటే ఒక అరలో ఈ తల్లుల సరుకుకు చోటివ్వండి. లెక్కలు తెలిసినవారు నెలకో పూట ఇవ్వండి. అనుభవమున్న దర్జీలు కటింగ్ నేర్పండి. మీకు తెలిసిన విద్య కూడా సదఖాయే.

ఇచ్చే చేతులను, కష్టించే చేతులను అల్లాహ్ దీవించుగాక. ఆమీన్.