నాగుల చవితి - పంచాయతీల కర్తవ్యము

దీపావళి వెళ్లిన నాలుగవనాడు, కార్తిక శుద్ధ చవితినాడు, ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందును, కొల్లేటి లంకలందును ఇంటిల్లిపాదియు పుట్టకడకేగి పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి నివేదింతురు. సార్వా వరి కోతకు వచ్చు కాలమదియే. చేలలో ఎలుకల బెడద హెచ్చు కాలమును అదియే. ఎలుకలను తిని పంటను కాచు పామునకు రైతు చెల్లించు కృతజ్ఞతగా ఈ పండుగను మేము భావించుచున్నాము.

అయితే పాలు పామునకు ఆహారము కావు. భక్తికి రెండు చుక్కలు చాలును. పాములను పట్టి ఆడించుటయు, చంపుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరములు.

పూజించినను పాము పామే. పుట్టలో చేయి పెట్టరాదు. కాటు పడినచో త్రాడు బిగించుట, గాటు పెట్టుట, మంత్రగానికై వేచియుండుట ప్రాణాపాయకరములు. రోగిని నడిపింపక, కాటుపడిన అవయవమును కదలనీయక, తక్షణము ఆసుపత్రికి చేర్చవలెను. విషమునకు విరుగుడు సూదిమందొక్కటే.

కావున పంచాయతీ సభ్యులు పండుగకు ముందే పుట్టలకు పోవు దారులను బాగుచేయించి, ఆ సూదిమందు ఏ ఆసుపత్రిలో నున్నదో విచారించి, రాత్రివేళ సైతము వాహనము దొరకు ఏర్పాటు గావింపవలెనని కోరుచున్నాము. పామును బ్రతుకనిచ్చి, మనిషిని బ్రతికించుకొనుటయే నిజమైన నాగపూజ.