ఫోన్‌లో నెట్ ఉంది, పాత లినక్స్ కంప్యూటర్‌లో లేదు: ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

కొండపాక నుంచి ఒక తమ్ముడు అడిగిన డౌట్‌తో ఈ ఎపిసోడ్ మొదలుపెడదాం.

"అన్నా, డిగ్రీ సీటుకు దోస్త్‌ల అప్లై చెయ్యాలె. రేపే లాస్ట్ డేట్. మెమోలు అన్నీ స్కాన్ చేసి పాత డెస్క్‌టాప్‌ల పెట్టుకున్న, అండ్ల లినక్స్ ఉంది. ఫోన్ నుంచి కేబుల్‌తోని నెట్ ఇస్తే కనెక్టెడ్ అంటుంది గాని ఒక్క సైట్ ఓపెన్ అయితలేదు. షాపుల ఫార్మాట్ కొట్టాలె అంటున్నరు."

ఆగు తమ్మీ! ఫార్మాట్ కొడితే మెమోలు పోతాయి, ప్రాబ్లం మాత్రం అక్కడే ఉండొచ్చు. దగ్గర నుంచి దూరానికి ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోదాం.

ఒకటి, కేబుల్. కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కే పనికొస్తాయి, వాటిలో డేటా పోదు. మంచి కేబుల్ పెట్టి, ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్‌లో దీనికి మామూలుగా వేరే డ్రైవర్ అక్కర్లేదు. వైఫై డ్రైవర్ లేని పాత ల్యాప్‌టాప్‌కి కూడా ఇదే దారి. ముందు కేబుల్‌తో నెట్ ఇచ్చి, తర్వాత ఆ డ్రైవర్ దించుకోవచ్చు.

రెండు, టెర్మినల్ తెరిచి పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి 8.8.8.8 అని టైప్ చేయండి. ఇది గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ నంబర్. జవాబులు వరసగా వస్తుంటే లైన్ బాగానే ఉన్నట్టు. ఆపడానికి కంట్రోల్, సీ.

మూడు, ఇప్పుడు నంబర్ బదులు గూగుల్ డాట్ కామ్ అని పెట్టి చూడండి. నంబర్‌కి జవాబు వచ్చి పేరుకి రాకపోతే తేడా డీఎన్ఎస్‌లో ఉంది. ఇది మన ఫోన్ కాంటాక్ట్స్ లాంటిదే, పేరు చెప్తే నంబర్ ఇస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఐపీవీ4 కింద డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 రాసి, కనెక్షన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

తమ్ముడికి రెండు పింగ్‌లూ వచ్చాయి. బ్రౌజర్ మాత్రం కనెక్షన్ సురక్షితం కాదంటోంది. "స్క్రీన్ మూలకు తేదీ ఎంతుంది?" అని అడిగా. చూస్తే ఎన్నో ఏళ్ల కిందటి తేదీ!

దొంగ దొరికాడు. ప్రతి సురక్షిత సైట్‌కి ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. కంప్యూటర్ పాత సంవత్సరంలోనే ఉండిపోతే, ఈ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదనుకుని సైట్‌ని ఆపేస్తుంది. ఫోన్ టైమ్ నెట్‌వర్క్ నుంచి తీసుకుంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో తేదీ సరిచేసి, ఆటోమేటిక్ ఆన్ చేయించా. సైట్ తెరుచుకుంది, అప్లికేషన్ ఆ రాత్రే వెళ్లిపోయింది.

పవర్ తీసేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది సీఆర్ 2032, 3 వోల్టులది. ప్లగ్ పీకేసి, పాతది తీసి కొత్తది పెట్టడమే.

ఇకమీదట ఎవరైనా ఫార్మాట్ అంటే, ముందు గడియారం చూడండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.