అపు ఏడవలేదు!

పిల్లలు చచ్చిపోవడం మన వెండితెరకు కొత్త కాదు. జ్వరం వచ్చి పోయారు, ఏట్లో పడి పోయారు, విలన్ కారు కింద పడి పోయారు. పోయినవాళ్ళ సంగతి సరే, ఆ యింట్లో మిగిలిపోయిన రెండో పిల్లవాడి సంగతేమిటి? మన చిత్రాల్లో వాడికి రెండే పనులు. కళ్ళలో గ్లిజరిన్ వేసుకుని "అక్కా!" అని గావుకేక పెట్టడం, లేదా తర్వాతి రీలులో హీరోగా పెరిగిపోయి పగ తీర్చుకోవడం. ఆ మర్నాడు వాడికి ముఖం ఎవరు కడిగారో, అన్నం ఎవరు పెట్టారో చూపించిన నాథుడు లేడు.

బెంగాలీలో ఒకాయన చూపించాడు. సత్యజిత్ రాయ్! చిత్రం 'పథేర్ పాంచాలి'. 1955 ఆగస్టు 26న కలకత్తాలో విడుదలైంది. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవల దానికి ఆధారం. రాయ్ భార్య నగలు తాకట్టు పెట్టారనీ, డబ్బుల్లేక షూటింగ్ నెలల తరబడి ఆగిపోయిందనీ, చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఆదుకుందనీ సినిమా పత్రికలు చదివేవాళ్ళకు తెలిసిన కథే. అదంతా మళ్ళీ చెప్పి విసిగించను. నేను చెప్పదలచుకున్నది ఆ చిత్రంలో ఒక నిమిషం కూడా పట్టని సన్నివేశం గురించి.

అక్క దుర్గ. తమ్ముడు అపు. అపుని మనం మొదటిసారి చూసేదే దుర్గ చేతుల్లో. చిరిగిన దుప్పటి కన్నంలోంచి వేళ్ళు పెట్టి, మూసుకున్న కంటిరెప్ప విప్పుతుంది. ఆ కన్నే మనకు మొదట కనిపించేది. అలా మొదలైన పిల్లవాడు కథంతా అక్క వెంటే తిరుగుతాడు. రెల్లుగడ్డిలో పరుగెత్తి రైలు చూడటానికి వెళ్ళినా అక్క వెనకాలే. తొలకరి వానలో దుర్గ తడిసింది. జ్వరం వచ్చింది. గాలివాన రాత్రి పోయింది.

ఆ తర్వాత అపు ఏడవలేదు. పళ్ళు తోముకున్నాడు. తల దువ్వుకున్నాడు. శాలువా కప్పుకుని బయల్దేరబోతూ ఆకాశం వంక చూశాడు. మబ్బు పట్టి ఉంది. వెనక్కి వెళ్ళి గొడుగు తెచ్చుకున్నాడు. అంతే!

వానలో తడిస్తే ఏమవుతుందో ఆ యింట్లో ఇప్పుడు అందరికంటే బాగా వాడికే తెలుసు. ఊరు తిరిగి వచ్చిన తండ్రి దుర్గ కోసం తెచ్చిన చీర చేతిలో పెట్టినప్పుడు తల్లి బావురుమంటుంది. ఆమె గొంతు వినిపించదు, తార్ షెహనాయి వినిపిస్తుంది. పెద్దవాళ్ళ దుఃఖానికి సంగీతం ఇచ్చిన రాయ్, పిల్లవాడి దుఃఖానికి గొడుగు ఇచ్చి ఊరుకున్నాడు.

ఇది నేను మొదట 2008లో చూశాను. డిగ్రీ చదువుతున్నాను. గుంటూరులో ఎవరో ఔత్సాహికులు గోడకు దుప్పటి కట్టి, అద్దెకు తెచ్చిన యంత్రంతో వేశారు. గొడుగు దగ్గర నాకేమీ కాలేదు. పూసలదండ దగ్గర మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయాను. పక్కవాడు సిగరెట్‌కి అనుకున్నాడు.

పూసలదండ కథ తెలియనివాళ్ళకు చెప్పాలి. పొరుగింటి పిల్ల దండ పోతుంది. దుర్గే తీసిందని వాళ్ళావిడ వచ్చి యాగీ చేస్తుంది. దుర్గ తియ్యలేదంటుంది. తల్లి జుట్టు పట్టుకుని ఈడ్చి మరీ కొడుతుంది. దుర్గ పోయాక వాళ్ళు ఊరు విడిచి కాశీకి బయల్దేరుతూ సామాన్లు సర్దుతారు. అపు అలమార మీద చెయ్యిపెడితే ఒక చిప్ప తగులుతుంది. అందులో సాలీడు, దాంతోబాటు ఆ దండ! ఎవరినీ పిలవడు. పరుగున వెళ్ళి చెరువులో విసిరేస్తాడు. నీటిమీది నాచు విడిపోయి, మళ్ళీ మెల్లగా కమ్ముకుంటుంది.

మాది తెనాలి దగ్గర పల్లె. 1996 వానాకాలంలో మా అక్క మెదడువాపు జ్వరంతో పోయింది. దానికి పన్నెండు, నాకు ఎనిమిది. అక్కకి సినిమా బొమ్మల పిచ్చి. పక్కింటి అత్తయ్య దగ్గర వారపత్రికలు అరువు తెచ్చేది. ఒకరోజు అత్తయ్య వచ్చి, మధ్య పేజీల్లో బొమ్మలు కత్తిరించేశారని అమ్మతో తగువు పెట్టుకుంది. "నేను కాదు, తమ్ముడి మీద ఒట్టు!" అని అక్క నా నెత్తిన చెయ్యి పెట్టింది. నెత్తిన చెయ్యిపెట్టి వేసిన ఒట్టంటే అత్తయ్య కూడా నోరు మూసుకుని వెళ్ళిపోయింది.

అక్క పోయిన పదిహేను రోజులకు గాదె వెనకాల పాత లెక్కల నోటుపుస్తకం దొరికింది. నిండా బొమ్మలే. అన్నం మెతుకులతో అతికించి, కింద సినిమా పేరూ, ఆడిన ఊరూ రాసి పెట్టుకుంది.

నా ఎనిమిదేళ్ళ బుర్రకి వెంటనే ఒక లెక్క తేలింది. ఒట్టు తప్పింది. కానీ ఒట్టు పడింది నా నెత్తిన కదా! పోవలసింది నేను. పైవాళ్ళెవరో లెక్క తప్పి అక్కని పట్టుకుపోయారు. ఈ పుస్తకం బయటపడితే తప్పు దిద్దుకోవడానికి మళ్ళీ వస్తారు. అటకెక్కి, పాత ట్రంకుపెట్టె అడుగున దాన్ని కుక్కేశాను. ఆ సంవత్సరమంతా రాత్రిపూట వీధి తలుపు గడియ పడిందో లేదో రెండేసి సార్లు చూసేవాణ్ణి. పెద్దవాళ్ళు మురిసిపోయారు. "పసివాడు, వాడికింకా తెలియలేదు. మర్చిపోయాడు, అదే నయం!"

అపు వేషం వేసిన సుబీర్ బెనర్జీని రాయ్ భార్య పక్క డాబా మీద ఆడుకుంటుంటే చూసి కనిపెట్టారట. నటన అసలు రాదు. రెల్లు తోటలో అక్క కోసం దిక్కులు చూస్తూ నడవాలి, నడవలేకపోయాడు. రాయ్ ఏం చేశారు? దారిలో కాలికి తగిలేలా పుల్లలు పడేశారు. అటొకర్నీ ఇటొకర్నీ దాచి, పేరు పెట్టి పిలిపించారు. పిల్లవాడు పిలుపు వినిపించిన వైపు తిరిగాడు, పుల్లలు దాటాడు. అది చాలు. "ఇప్పుడు నీకు బాధగా ఉంది బాబూ" అని చెప్పే దర్శకులు ఈ ముక్క రాసి పెట్టుకుంటే బాగుంటుంది. దుర్గగా వేసిన ఉమా దాస్‌గుప్తా ఆ తర్వాత టీచరుగా స్థిరపడ్డారు. 2024 నవంబరులో కన్నుమూశారు. ఆ వార్త చదివిన రోజు నాకు పని సాగలేదు.

1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఈ చిత్రం నెగెటివ్ కాలిపోయింది. మిగిలిన ముక్కల్ని ఏళ్ళ తర్వాత ఇటలీలో ఎంతో ఓపికగా బాగుచేసి, 2015లో కొత్త ప్రతి తెచ్చారు. మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు ఆ ప్రతినే టీవీలో పెట్టి అమ్మకు చూపించాను. భాష రాకపోయినా ఆవిడకు అన్నీ అర్థమయ్యాయి. గాలివాన రాత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అపు తల దువ్వుకుంటుంటే మాత్రం టీవీ వంక కాదు, నా వంక చూసింది.

"అప్పుడు నీకు తల ఎవరు దువ్వారో నాకు గుర్తు లేదురా."

"నేనే దువ్వుకున్నానమ్మా" అన్నాను.

పూసలదండ చెరువులో పడేటప్పటికి పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళింది. నోటుపుస్తకం ఇంకా ఆ అటక మీదే ఉంది. ఒట్టు సంగతి ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ పత్రిక మాత్రం అట్ట నుంచి అట్ట దాకా చదువుతుంది.