మధుమేహము - పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

ఇటీవల ఇందల్వాయిలో కొందరు పంచాయతీ సభ్యులతో ఆరోగ్య విషయములు ముచ్చటించుచుండగా ఒక పెద్దమనిషి ఇట్లు ప్రశ్నించిరి: "అయ్యా, మేము చిన్ననాటినుండి బోధన్ చెరకు నమలినవారము, బెల్లము తిన్నవారము. మాకు రాని చక్కెర జబ్బు పదేండ్ల పిల్లవాని కెట్లు వచ్చినది?"

ప్రశ్న సమంజసమైనది. చెరకు పండు సీమలో ఈ సందేహము కలుగుట సహజము. ఆ పిల్లవాడు తీపి తినుటవలన ఆ వ్యాధి రాలేదు. వాని తలిదండ్రుల తప్పును లేదు. అసలు కారణము తెలిసినచో, అట్టి బిడ్డ ప్రాణాపాయములో పడినప్పుడు ఏమి చేయవలెనో గ్రామ పెద్దలకు స్పష్టమగును.

మనము తిను అన్నము, రొట్టె, జొన్న గటక, పండ్లు కడుపులో జీర్ణమై చాలవరకు గ్లూకోజు అను చక్కెరగా మారి రక్తములో చేరును. ఆరోగ్యవంతుని రక్తమంతటిలోను ఒక వేళకు ఉండు గ్లూకోజు సుమారు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే. దేహములోని కోట్లాది కణములు దానిని ఇంధనముగా వాడుకొని శక్తిని పుట్టించుకొనును. ఆ శక్తిని మోయు పదార్థమునకు ఎ.టి.పి. అని పేరు. భీమవరమున 1895లో జన్మించిన మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దీనిని కండరములలో కనుగొనిన వారిలో ఒకరు.

గ్లూకోజు రక్తములో ఉన్నంత మాత్రమున అది కణములకు అందదు. కండరములలోను కొవ్వులోను అది ప్రవేశించుటకు తలుపు తెరచు తాళపుచెవి వంటిది ఇన్సులిన్. కడుపు వెనుకనున్న క్లోమగ్రంథిలోని బీటా కణములు దానిని తయారుచేయును.

మధుమేహములో ముఖ్యముగా రెండు రకములు కలవు. పెద్దలలో సాధారణముగా కనిపించునది రెండవ రకము. ఇందు తాళపుచెవి ఉండును గాని తాళము త్రుప్పుపట్టినట్లు మొరాయించును. వంశము, స్థూలకాయము, శ్రమలేని జీవనము ఇందుకు తోడ్పడును. బాలురలోను యువకులలోను హెచ్చుగా కనిపించు మొదటి రకములో తాళపుచెవియే లేకుండ పోవును.

అది ఎట్లు పోవును? మన దేహములో రోగక్రిములను పసిగట్టి సంహరించు రక్షక కణములు కలవు. వీనిని ఊరి కాపలాదళముతో పోల్చవచ్చును. ఒక్కొక్కప్పుడు ఆ దళము దొంగలను విడిచి ఊరివారినే శత్రువులనుకొని దాడి చేయును. మొదటి రకము మధుమేహములో అవి బీటా కణములను నాశము చేయును. ఇట్టి వ్యాధులను స్వీయ రోగనిరోధక వ్యాధులందురు. కొన్ని థైరాయిడ్ జబ్బులు, కొన్ని కీళ్లవాతములు కూడ ఈ కోవకు చెందినవే. ఇది అంటువ్యాధి కాదు, శాపమును కాదు.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపింపబడి 2015లో మూతబడిన నిజాం చక్కెర కర్మాగారమును ఎరుగనివారు ఈ జిల్లాలో లేరు. కర్మాగారము వెలుపల చెరకు బండ్లు బారులు తీరియుండగా ద్వారము తెరువకున్నచో ఏమగును? బయట చెరకు గుట్టలుగా పడియుండును, లోపల గానుగలు ఆగిపోవును. ఇన్సులిన్ లేని దేహము గతియు అదియే. రక్తములో చక్కెర పొంగిపొరలుచుండగా కణములు పస్తులుండును.

చెరువు నిండినప్పుడు మత్తడి దూకినట్లు, రక్తములో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినంతనే మూత్రపిండములు దానిని మూత్రములోనికి వదలును. చక్కెర తనతోపాటు నీటినికూడ లాగుకొనిపోవును. కనుకనే బిడ్డ మాటిమాటికి మూత్రమునకు పోవును, ఎంత నీరు త్రాగినను దప్పిక తీరదు, ఎంత తిన్నను చిక్కిపోవును. పక్క తడుపుట మానిన పిల్లవాడు మరల తడుపుట కూడ ఒక గురుతు.

ఇంతవరకు తీపి కథ. ప్రాణము తీయునది దీని తరువాత వచ్చు పులుపు.

గ్లూకోజు అందని దేహము కొవ్వును కరిగించి కాల్చుకొన మొదలిడును. కాలేయము ఆ కొవ్వునుండి కీటోనులు అను ఆమ్లములను తయారుచేయును. ఉపవాసమున్నవారిలో ఇవి కొలదిగా పుట్టిన హాని లేదు. ఇన్సులిన్ బొత్తిగా లేనప్పుడు మాత్రము వానికి అదుపుండదు. రక్తము ఆమ్లమయమగును.

మన రక్తము ఏ మాత్రమును పులుపును సహింపదు. ఆమ్ల క్షారములను కొలుచు పి.హెచ్. మానములో శుద్ధజలము 7. అంతకు తగ్గినకొలది ఆమ్లము హెచ్చు. రక్తము 7.35 కును 7.45 కును మధ్యనే ఉండవలెను. ఈ సమతూకమును కాపాడుటకు రక్తములో బైకార్బొనేటు కలదు. మన వంటసోడాలో ఉండునదియు ఇదియే. సోడాపై నిమ్మరసము పిండిన నురుగు వచ్చుట చూచియున్నారు గదా! ఆమ్లము విరిగి, బొగ్గుపులుసు వాయువు వెలువడుటచే ఆ నురుగు కలుగును. రక్తములోను ఇట్లే జరుగును. పుట్టిన వాయువును ఊపిరితిత్తులు బయటికి పంపవలెను. కనుక రోగి ఎగశ్వాసతో, లోతుగా, వేగముగా ఊపిరి తీయును. ఈ శ్వాసను జర్మను వైద్యుడు కుస్‌మౌల్ 1874లో వర్ణించెను. రోగి ఊపిరికి పండిన పండ్ల వాసన కూడ ఉండవచ్చును. బైకార్బొనేటు తరిగిపోయి, నీరు ఇంకిపోయినచో స్పృహ తప్పును, ప్రాణము పోవును.

పల్లెలలో తరచు జరుగు పొరపాటు ఇక్కడనే ఉన్నది. వాంతులు, కడుపునొప్పి చూచి అజీర్ణమందురు. ఎగశ్వాసను చూచి ఉబ్బసమందురు. మగత చూచి గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. ఇట్లు గంటలు గడచిపోవును. సోడా త్రాగించినను ఇది నయముకాదు, ఏలయన ఆమ్లము పుట్టుచుండుట ఆగదు. దీనికి మందు ఆసుపత్రిలో ఇచ్చు సెలైను, ఇన్సులిన్, తగుపాళ్లలో పొటాషియము. ఇవి రక్తపరీక్షలు చేయుచు ఇయ్యవలసినవి గనుక ఇంటివద్ద సాధ్యముకాదు.

ఒకప్పుడు ఈ రోగము వచ్చిన బిడ్డలు కొలదికాలమునకే మరణించుచుండిరి. కెనడాలోని టొరంటో నగరమున 1921లో బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులిన్‌ను వెలికితీసిరి. 1922 జనవరిలో 14 ఏండ్ల బాలునికి అది మొదటిసారి ఎక్కింపబడెను. నేడు ఇన్సులిన్ సక్రమముగా తీసికొను బిడ్డలు చదువుకొనుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు, వివాహమాడి సంతానవంతులగుచున్నారు. కాని మొదటి రకము వారికి ఇన్సులిన్ జీవితాంతము కావలెను. జ్వరము వచ్చినదనియో, బిడ్డ అన్నము తినలేదనియో, ఎవరో వేరుమందు ఇచ్చిరనియో దానిని పూర్తిగా ఆపరాదు. మోతాదు మార్పు వైద్యుడే చెప్పవలెను.

మరియొక సంగతి. ఇన్సులిన్ తీసికొనువారికి చెమటలు పట్టి, వణకు, తడబాటు కలిగినచో అది చక్కెర తగ్గుటవలన కావచ్చును. మ్రింగగల స్థితిలో ఉన్నచో వెంటనే చక్కెర నీరు త్రాగింపవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయరాదు, ఆసుపత్రికి చేర్పవలెను.

పెద్దల విషయము కూడ ఉపేక్షింపదగినది కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన అధ్యయనము ప్రకారము దేశములో మధుమేహము గలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. రెండవ రకము ఏండ్ల తరబడి ఏ బాధయు లేకుండ దాగియుండగలదు. చక్కెర హెచ్చిన దేహములో రక్షక కణముల శక్తి సన్నగిల్లును గనుక క్షయ సోకు అవకాశము పెరుగును. పాదములకు స్పర్శ తగ్గును. చెరకు కొట్టునప్పుడు మోడు గుచ్చుకొనిన గాయము తెలియక, మానక, కాలు తీయవలసిన స్థితికి రావచ్చును. చెప్పులు లేక పొలమునకు పోరాదు. రాత్రి పండుకొనుటకు ముందు అరికాళ్లు చూచుకొనవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు కొన్ని కలవు. ముప్పది ఏండ్లు దాటిన ప్రతివారును ఆరోగ్య ఉపకేంద్రములో చక్కెర పరీక్ష చేయించుకొనునట్లు ఆశా కార్యకర్తతో కలిసి చూడవలెను. పరగడుపున 126 మిల్లీగ్రాములు లేక అంతకు మించినచో మరల పరీక్షించి నిర్ధారింపవలెను. ఊరిలో ఇన్సులిన్ తీసికొను బిడ్డలెవరో ఉపాధ్యాయులకు తెలిసియుండవలెను, కాని ఆ సంగతి ఊరంతయు చాటరాదు. మన వేసవి యెండకు ఇన్సులిన్ చెడిపోవును. శీతలపేటిక లేని ఇంట వాడుకలోనున్న సీసాను తడియిసుకలో నిలిపిన మట్టికుండలో ఉంచుకొనవచ్చును. ఇన్సులిన్ గడ్డకట్టరాదు.

దప్పిక, చిక్కిపోవుట, వాంతులు, ఎగశ్వాస కలసి కనిపించిన బిడ్డను తెల్లవారువరకు ఉంచరాదు. 108 కు కబురుచేసి, చక్కెర పరీక్ష వెంటనే చేయుడని వైద్యునికి చెప్పవలెను. ఇందల్వాయి జాతీయ రహదారిపై నున్నది. నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రికి దారి కష్టమైనది కాదు. ఆలస్యము సాధారణముగా దారిలో జరుగదు, ఇంటి అరుగుమీద "ఏమి చేయుదము" అను తర్జనభర్జనలో జరుగును. ఆ అరుగుమీద మాట చెల్లు పెద్దలు మీరే. "బండి పిలువుడు" అను ఒక్క మాట సకాలములో మీ నోట వచ్చినచో ఒక బిడ్డ బ్రదుకును.